సిలబస్‌లో లేని పాఠం మన అబ్బాయిలకు ఎవరు చెబుతున్నారు?

ఇక్కడ హైస్కూలు వెతికేటప్పుడు మన తల్లులం సాధారణంగా మూడు సంగతులు కనుక్కుంటాం. ఏటార్ మార్కులు ఎలా వస్తున్నాయి, ఫీజు ఎంత, ఇంటి దగ్గర్నుంచి బస్సు ఉందా. సెలెక్టివ్ పరీక్ష కోసం నాలుగో క్లాసు నుంచే శనాదివారాలు కోచింగులకు తిప్పుతాం. అంత కష్టపడి, ఇంతింత డబ్బు పోసి చేర్పిస్తాం కదా, మరి ఆ స్కూల్లో అబ్బాయిలు బస్సులో ఏ పాటలు పాడుకుంటారు, పన్నెండో క్లాసు ఆఖరి రోజున ఏం చేస్తారు, ఆటలు ఆడని పిల్లాణ్ణి ఏమని పిలుస్తారు అని మాత్రం ఎవ్వరం అడగం. అడిగి తీరాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

ఎందుకంటే మగాడంటే ఎలా ఉండాలి, ఆడవాళ్ళను ఎలా చూడాలి అనే పాఠం పిల్లలకు పుస్తకాల్లో కంటే ముందు స్కూలు అలవాట్లలోనే అందుతుంది. దానికి టీచరు ఉండడు, పరీక్షా ఉండదు. పై క్లాసు పిల్లలు చేస్తుంటే కింది క్లాసు పిల్లలు చూసి నేర్చుకుంటారు. ఏడో క్లాసు నుంచి పన్నెండు దాకా ఆరేళ్ళు.

మూడు వార్తలు గుర్తు చేస్తాను. మీలో చాలామంది అప్పట్లో చూసే ఉంటారు.

2019 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో సెయింట్ కెవిన్స్ కాలేజీ అబ్బాయిలు చాలామంది యూనిఫాంలోనే ట్రామ్ ఎక్కి ఆడవాళ్ళ మీద ఒక బూతు పాట గొంతెత్తి పాడారు. అదే ట్రామ్‌లో ఆడవాళ్ళూ ఉన్నారు. వీడియో బయటికొచ్చింది, స్కూలు క్షమాపణ చెప్పింది. ఇందులో మనం పట్టించుకోవాల్సింది ఏమిటంటే, ఆ పాట ఆ పిల్లలు అప్పటికప్పుడు కట్టింది కాదు. ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి వచ్చిన పాత పాట. అంతమందికీ అన్ని మాటలూ నోటికి వచ్చాయంటే ఎక్కడో, ఎవరో నేర్పారన్నమాట.

2020 సెప్టెంబరులో సిడ్నీలో షోర్ స్కూలు పన్నెండో క్లాసు అబ్బాయిలు కొందరు తయారుచేసిన ‘మక్-అప్ డే’ జాబితా పత్రికలకెక్కింది. మక్-అప్ డే అంటే స్కూలు ముగిసే రోజుల్లో అల్లరి చేసే ఆనవాయితీ. గుడ్లు కొట్టుకోవడం, టాయిలెట్ పేపర్ చెట్లకు చుట్టడం, ఇలాంటివి మనమూ చూసి నవ్వుకున్నాం. ఈ జాబితాలో మాత్రం ఇల్లులేని మనిషి మీద ఉమ్మడం ఉంది, ఆడవాళ్ళను రూపాన్ని బట్టి తూచే సవాళ్ళు ఉన్నాయి. ఒక్కో పనికి ఇన్ని పాయింట్లని.

2024 మే నెలలో మెల్‌బోర్న్ తూర్పున రింగ్‌వుడ్‌లోని యారా వ్యాలీ గ్రామర్‌లో పదకొండో క్లాసు అబ్బాయిలు కొందరు తోటి అమ్మాయిల ఫొటోలు పెట్టి, వాళ్ళను మెట్లు మెట్లుగా విడగొట్టి ఒక పట్టిక చేశారు. పై మెట్టుకి ‘వైఫీ’ అని పేరు. అట్టడుగు మెట్టుకి పెట్టిన పేరు ఇక్కడ రాయడానికి కూడా నా చెయ్యి రావడం లేదు. అత్యాచారం చేయడానికి కూడా పనికిరానిది అని దాని అర్థం. ఇద్దరిని స్కూలు నుంచి తీసేశారు. ఇది ఆడామగా కలిసి చదివే స్కూలు. కాబట్టి ‘కో-ఎడ్‌లో వేశాం, మా వాడికి భయం లేదు’ అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఈ మూడింట్లోనూ ఒకే పోలిక కనిపిస్తుంది. ఏ అబ్బాయీ ఒంటరిగా చేయలేదు. అమ్మాయి మీద కోపంతోనూ చేయలేదు. పక్కనున్న అబ్బాయిని నవ్వించడానికి, ‘నేనూ మీవాణ్ణే’ అని చూపించుకోవడానికి చేశారు. అమ్మాయి అక్కడ మనిషి కాదు, ఆటలో పావు. సిడ్నీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త రేవిన్ కానెల్ ఆస్ట్రేలియా బడుల గురించి, మగతనం గురించి దశాబ్దాల పాటు రాశారు. ‘మస్కులినిటీస్’ అన్న ఆవిడ పుస్తకం 1995లో వచ్చింది. మగతనంలో చాలా రకాలుంటాయనీ, సమాజం వాటిలో ఒక రకాన్ని తలమీద పెట్టుకుని మిగతావాటిని కింద పెడుతుందనీ ఆవిడ వాదన. అలా పైనా కిందా పెట్టే చోట్లలో ఆటస్థలం, యూనిఫాం, క్రమశిక్షణ ఉన్న స్కూలు ముఖ్యమైనది. రగ్బీ ఫస్ట్ ఫిఫ్టీన్ జట్టులో ఉన్నవాడికి ఒక మర్యాద, చెస్ ఆడేవాడికి ఇంకో మర్యాద. ఇది ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు, ప్రతి పిల్లాడికీ తెలుసు.

మన బడులూ తక్కువ తినలేదు

ఇదంతా తెల్లవాళ్ళ పెద్ద స్కూళ్ళ గొడవ, మనకేంటి అనుకుంటున్నారా? మనం చదివిన జిల్లా పరిషత్ హైస్కూలు ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆగస్టు పదిహేను వస్తోందంటే ముందు రోజు పని పంపకం జరిగేది. అబ్బాయిలు బెంచీలు మోయడం, జెండా కాగితాలు దారానికి అంటించి కట్టడం. అమ్మాయిలు నీళ్ళు చల్లి ముగ్గులు వేయడం. ముఖ్య అతిథి వస్తే బొట్టు పెట్టి పువ్వు ఇచ్చేది ఎవరు? ఆడపిల్లలే. వేదిక మీద మైకు పట్టుకునేది చాలావరకు మగపిల్లాడే. పీఈటీ పీరియడ్‌లో గ్రౌండంతా అబ్బాయిల క్రికెట్‌ది, చెట్టు కింద జాగా మనది. ఎవరూ ఇది రూలని చెప్పలేదు. ఎప్పుడూ అలాగే జరిగేది, అంతే.

ఇంకొకటి ఉంది. అల్లరి చేసిన అబ్బాయికి మాస్టారు వేసే శిక్ష. గోడకుర్చీ కాదు, బెత్తం దెబ్బ కాదు. అమ్మాయిల వరసలో మధ్యన కూర్చోబెట్టడం! క్లాసంతా నవ్వేది. మనమూ నవ్వాం. కాస్త ఆగి ఆలోచించండి, ఆ శిక్షలో పాఠం ఏమిటి? ఆడపిల్ల పక్కన కూర్చోవడం మగపిల్లాడికి అవమానం. మరి అక్కడ రోజూ కూర్చునే మనకు అది ఏం చెప్పినట్టు? ఓడిపోయినవాడికి ‘గాజులు తొడుక్కో’ అనే మాట కూడా ఆ బడిలోంచే వస్తుంది. ఏడ్చే మగాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదన్న సామెత ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతారు. ఆ తర్వాత కార్పొరేట్ జూనియర్ కాలేజీలు వచ్చి బాయ్స్ క్యాంపస్ వేరు, గర్ల్స్ క్యాంపస్ వేరు చేసేశాయి. పదహారు, పదిహేడేళ్ళ వయసులో అవతలి వాళ్ళతో నాలుగు మాటలు మామూలుగా మాట్లాడటం నేర్చుకోకుండానే ఇంజనీరింగ్‌కి వెళ్ళిన తరం మనది. మన మొగుళ్ళదీ.

ఆ సామాను మనం విమానంలో తెచ్చుకున్నాం. మన తెలుగు సంఘాల ఉగాది ఫంక్షన్ చూడండి. ఆడపిల్లలు మూడు నెలలు డాన్సు ప్రాక్టీసు చేస్తారు, బొట్టు పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. మగపిల్లలు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, లేదంటే కుర్చీలు సర్దుతారు. భోజనాలయ్యాక గిన్నెల దగ్గర ఎవరు ఉంటారో చెప్పక్కర్లేదు. అమ్మాయికి ఓణీల ఫంక్షన్ చేసి ‘ఇక ఒద్దికగా ఉండాలి’ అంటాం. అబ్బాయికి పంచెల ఫంక్షన్ చేసి ఫొటోలు తీసుకుంటాం. ఒద్దిక మాట వాడికి చెప్పం.

అంటే మన పిల్లాడు రెండు బళ్ళలో ఒకే పాఠం వింటున్నాడు. స్కూల్లో ఇంగ్లీషులో, ఇంట్లో తెలుగులో.

మన అబ్బాయికి ఇంకో ఇబ్బంది ఉంది

వలస వచ్చిన ఇంటి పిల్లాడికి ఈ పాఠం ఇంకా గట్టిగా అంటుకుంటుంది. వాడి పేరు రోల్ కాల్‌లో విరిగిపోతుంది. లంచ్ బాక్సులో పులిహోర వాసన వస్తుంది. ఫుట్టీ ఆడటం రాదు, రగ్బీకి ఒళ్ళు సరిపోదు. గుంపులో చేరడానికి వాడికి దొరికే చవకైన టికెట్ ఒక్కటే: వాళ్ళు నవ్విన జోకుకి నవ్వడం, వాళ్ళు పాడిన పాట పాడటం. మనం అడిగితే ‘జస్ట్ బాంటర్ అమ్మా’ అంటాడు. బాంటర్ అంటే సరదాకి అనుకునే మాటలట. ఆ సరదా ఎవరి మీద అని అడిగితే జవాబుండదు.

అది తప్పని తెలిసిన పిల్లాడు కూడా నోరు విప్పడు. ఎందుకంటే ఇక్కడ ‘డాబర్’ అన్న మాట ఒకటుంది. మనకు డాబర్ అంటే తేనె సీసా గుర్తొస్తుంది. ఇక్కడ డాబర్ అంటే తోటివాళ్ళ మీద టీచరుకు చెప్పేవాడు. ఆ పేరు పడ్డవాడితో ఎవరూ కూర్చోరు. చెప్పకూడదన్న ఈ కట్టుబాటు కూడా ఒక ఆనవాయితీయే. అన్నిటికంటే గట్టిది అదే.

మన గ్రూపుల్లో నర్సులం ఎంతోమందిమి ఉన్నాం. మా వార్డుల్లో మన తెలుగు మగవాళ్ళు కూడా నర్సులుగా, ఏజ్డ్ కేర్‌లో పనిచేస్తున్నారు. ముసలివాళ్ళకు స్నానం చేయించి, పక్క మార్చి, ఓపిగ్గా అన్నం తినిపించే మగవాళ్ళు. అలాంటి తండ్రి ఉన్న పిల్లాడు స్కూల్లో ‘మా నాన్న హాస్పిటల్‌లో పనిచేస్తాడు’ అని మాత్రం చెప్పి ఊరుకుంటే, ఆ దాపరికం వాడికి ఎవరు నేర్పారు? జెస్యూట్ సోషల్ సర్వీసెస్ అనే సంస్థ 2018లో 18 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసున్న 1000 మంది ఆస్ట్రేలియా మగపిల్లలను అడిగి ‘మ్యాన్ బాక్స్’ పేరుతో ఒక నివేదిక ఇచ్చింది. మగాడు ఏడవకూడదు, సాయం అడగకూడదు, ఇంట్లో పెత్తనం తనదే అయి ఉండాలి అన్న నమ్మకాలు బాగా పట్టుకున్నవాళ్ళలోనే మనసు బాగోలేకపోవడం, తాగుడు, కొట్లాటలు, ఆడవాళ్ళను వేధించడం ఎక్కువగా కనిపించాయి. అంటే ఈ పెట్టెలో ముందు ఊపిరాడనిది మన కొడుక్కే. ఆడపిల్లల తల్లులు మాత్రమే పట్టించుకోవాల్సిన విషయం ఇదని అనుకోవద్దు.

పాతదంతా పారేయమనడం లేదు

మీలో కొందరు అంటారు, నాకు తెలుసు: ‘బాయ్స్ స్కూల్లో క్రమశిక్షణ ఉంటుంది, మనసు అటూ ఇటూ పోదు, ర్యాంకులు వస్తాయి.’ అందులో కొంత నిజం ఉంది. సిడ్నీ బాయ్స్ హై, మెల్‌బోర్న్ హై లాంటి ప్రభుత్వ సెలెక్టివ్ స్కూళ్ళలో మనవాళ్ళ పిల్లలు బాగానే చదువుతున్నారు. పరీక్ష పెట్టి ఏరి తీసుకున్న పిల్లలు బాగా చదవడంలో వింతేమీ లేదనుకోండి. సిడ్నీ పెద్ద స్కూళ్ళ క్రీడా సంఘం జీపీఎస్ 1892లో మొదలైంది. అందులో ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ స్కూలు సిడ్నీ బాయ్స్ హై. మిగతావాటిలో ఏడాది ఫీజు 40 వేల డాలర్లు దాటినవి ఉన్నాయి. పడవ పందేల రోజున, రగ్బీ మ్యాచ్ రోజున ఆ పిల్లలంతా ఒక్క గొంతుతో వార్ క్రై అరుస్తుంటే విన్నారా? ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఎక్కడి నుంచో వచ్చిన మన పిల్లాడికి ‘ఇది నా స్కూలు’ అనిపించే మొదటి రోజు అదే కావచ్చు. ఆ సంతోషం వాడి దగ్గర లాక్కోమని నేను చెప్పను. డప్పు ఉండనిద్దాం, పాట మార్పిద్దాం.

మారవు అనేవాళ్ళకు న్యూయింగ్టన్ కాలేజీ సంగతి చెప్తాను. ఇప్పుడు సిడ్నీ స్టాన్‌మోర్‌లో ఉన్న, 1863లో మొదలైన మగపిల్లల స్కూలు అది. 2026 నుంచి అమ్మాయిలను కొద్దికొద్దిగా చేర్చుకుని 2033 నాటికి పూర్తిగా కో-ఎడ్ అవుతామని 2023 నవంబరులో ప్రకటించింది. పాత విద్యార్థులు, కొందరు తల్లిదండ్రులు గేటు ముందు నిరసనకు దిగారు. వ్యవహారం కోర్టుకెళ్ళింది. 1873 నాటి ట్రస్టు పత్రంలో ‘యూత్’ అని రాశారు, దానర్థం మగపిల్లలు మాత్రమే అని వాదించారు. న్యూ సౌత్ వేల్స్ సుప్రీం కోర్టు 2025లో ఆ వాదన ఒప్పుకోలేదు.

అక్కడ ఆ పత్రం రాసుకున్న మరుసటి ఏడాదే, 1874లో, గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆడపిల్లల బడి పెట్టారు. ఆడపిల్ల చదివితే ఇల్లు చెడుతుందని ఊరంతా అనే రోజులవి. అది కూడా సంప్రదాయమే. ఆయన దాన్ని పక్కన పెట్టకపోతే మనలో ఎంతమందిమి ఇక్కడికొచ్చి నర్సు రిజిస్ట్రేషన్ తెచ్చుకునేవాళ్ళం? సంప్రదాయం అని పేరు పెట్టినంత మాత్రాన ముట్టుకోకూడనిది అయిపోదని తెలుగు ఆడవాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ యూనిఫాం. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ స్కూళ్ళన్నిట్లో అమ్మాయిలు ప్యాంటు గానీ షార్ట్స్ గానీ వేసుకోవచ్చని విధానం మార్చింది 2018లోనే. అంతవరకూ చాలా చోట్ల గౌనో స్కర్టో వేసుకుని, చలిలో వణుకుతూ, ఎగిరి దూకాలంటే ఆలోచిస్తూ ఉండేవాళ్ళు. తల్లులూ పిల్లలూ అడిగితేనే మారింది.

చట్టం వచ్చింది, సరిపోతుందా?

2021 ఫిబ్రవరిలో షానెల్ కాంటోస్ అనే సిడ్నీ అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రశ్న వేసింది. స్కూల్లో ఉన్నప్పుడు మగపిల్లల స్కూలు అబ్బాయిల చేతిలో మీకు గానీ మీ స్నేహితురాళ్ళకు గానీ లైంగిక దాడి జరిగిందా అని. వేలమంది అమ్మాయిలు తమకు జరిగింది రాశారు. దాని ఫలితంగా 2022లో విద్యా మంత్రులంతా ఒప్పుకున్నారు, 2023 నుంచి జాతీయ పాఠ్యప్రణాళికలో ఫౌండేషన్ నుంచి పదో క్లాసు వరకు ‘కన్సెంట్’ పాఠం తప్పనిసరి అయింది. అవతలి మనిషి ఒప్పుకోలు లేకుండా ముట్టుకోకూడదని, ఊరుకోవడం ఒప్పుకోవడం కాదని వయసుకు తగ్గట్టు చెబుతారు.

మంచిదే. మనలో కొందరు ‘ఇలాంటివి స్కూల్లో ఎందుకు’ అని ఇబ్బంది పడ్డారు గానీ, ఇంట్లో మనం చెప్పం కదా, ఎక్కడో ఒకచోట చెప్పాలి. అయితే ఆ పాఠం కొన్ని గంటలే. బస్సు, లాకర్ రూమ్, క్యాంప్, ఫార్మల్, ఆఫ్టర్ పార్టీ, స్కూలీస్ వారం, ఇవి మిగతా కాలమంతా. క్లాసులో టీచరమ్మ గౌరవం గురించి చెప్పి వెళ్ళాక, వెనక బెంచీలో ఆమె ఒళ్ళు గురించి జోకు వేసుకుంటే ఏ పాఠం గెలుస్తుంది? మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు 30 మంది టీచరమ్మలతో మాట్లాడితే, ఆండ్రూ టేట్ వీడియోలు చూసిన అబ్బాయిలు తమను ఎలా చిన్నచూపు చూస్తున్నారో వాళ్ళు చెప్పుకొచ్చారు. ‘అదంతా ఫోన్ల వల్లే’ అనేస్తే తేలిక. 16 ఏళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు కుదరవని 2025 డిసెంబరు 10 నుంచి చట్టం కూడా అమల్లోకి వచ్చింది. కానీ ట్రామ్‌లో పాటను నేర్పింది ఫోను కాదు. ఫోను పాత విత్తనానికి కొత్త ఎరువు వేస్తోంది, అంతే.

కాబట్టి అడుగుదాం

ఈ స్కూళ్ళ పాత గొప్పల మీద మనకు మమకారం లేదు. మన తాతలెవరూ అక్కడ చదవలేదు, గోడ మీద బంగారు అక్షరాల్లో మన ఇంటిపేర్లు లేవు. కాబట్టి సూటిగా అడగడం మనకు తేలిక కావాలి. కానీ మనం యాస గురించి, ‘ఏమనుకుంటారో’ అని జంకి వెనక వరసలో కూర్చుంటాం. ఈ ప్రశ్నలు రాసిపెట్టుకోండి:

ఒకటి, పన్నెండో క్లాసు ఆఖరి వారంలో ఏమేం జరుగుతాయి, ఎవరు చూసుకుంటారు?

రెండు, ఆటల్లో లేని పిల్లాడికి, నాటకాలు వేసేవాడికి, సంగీతం నేర్చుకునేవాడికి అసెంబ్లీలో చప్పట్లు పడతాయా?

మూడు, ఒక అమ్మాయి గానీ టీచరమ్మ గానీ ఫిర్యాదు చేస్తే ఎన్ని రోజుల్లో తల్లిదండ్రులకు చెబుతారు? చెప్పిన పిల్లాణ్ణి డాబర్ అనకుండా ఎలా కాపాడతారు?

నాలుగు, కన్సెంట్ పాఠం ఎవరు చెబుతారు, ఏం చెబుతారో మాకు చూపిస్తారా?

ప్రిన్సిపల్ తడుముకోకుండా జవాబు చెబితే ఆ స్కూలు దీని గురించి ఆలోచించినట్టే. నవ్వి, ‘బాయ్స్ విల్ బీ బాయ్స్’ అంటే మీకు కావలసిన జవాబు అందులోనే ఉంది.

స్కూల్ని అడిగే ముందు ఇల్లు కూడా సర్దుకోవాలి. వాడి లంచ్ బాక్సు వాడే కడుక్కోవాలి. వచ్చే ఉగాదికి గుమ్మంలో బొట్టు పళ్ళెం ఒక అబ్బాయి చేతికిద్దాం, మైకు ఒక అమ్మాయికిద్దాం. వాడికి ఏడుపొస్తే ‘ఆడపిల్లలా ఏంట్రా’ అనే మాట అమ్మమ్మ నోట వచ్చినా, వీడియో కాల్‌లోనే అయినా, నవ్వుతూనే ఆపుదాం. ‘జస్ట్ బాంటర్’ అన్నప్పుడు తిట్టకుండా, ‘అదే మాట చెల్లి గురించి ఎవడైనా అంటే నువ్వేం చేస్తావురా?’ అని అడగండి. అక్కడ ఆగొద్దు. ‘చెల్లి కాకపోయినా, ఎవరో తెలియని అమ్మాయి అయినా?’ అని కూడా అడగండి. అసలు ప్రశ్న ఆ రెండోదే.

స్కూళ్ళ ఓపెన్ డేలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే మొదలవుతాయి. ఈ నాలుగు ప్రశ్నలూ ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. పిల్లల నాన్నను కూడా వెంటబెట్టుకెళ్ళండి. మొదటి ప్రశ్న ఆయన్నే అడగమనండి.